తెల్లగా మిగిలిన ఆకాశం

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడుగుతూ మన సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, "బడి జ్ఞాపకాలు అందరూ రాస్తరు, నువ్వు ఫొటోల సంగతి రాయి" అన్నారు. ఆదివారం పొద్దున్నే కెమెరా మెడలో వేసుకొని గంగ ఒడ్డున తిరిగే ఇంజనీరుగా గోదావరిఖనిలో నన్ను గుర్తుపట్టేవాళ్లు కొందరున్నారు. గోదావరిని మనం గంగ అనే అంటాం కదా, ఈ వ్యాసంలోనూ అలాగే అంటాను.

ఉత్సవాల్లో పెట్టే ఫొటో ప్రదర్శనకు చిత్రాలు ఎంపిక చేస్తున్నప్పుడు ఒక పాత ఫొటో మీద మాలో మాకు పెద్ద వాదనే జరిగింది. అది 1986లో తీసిన నలుపు తెలుపు ఫొటో. కాస్త వంకరగా ఉంది. కింది మూలన తీసినవాడి వేలు అడ్డొచ్చింది. ఆకాశం కాగితంలా తెల్లగా ఉంది. ఆ ఆకాశంలో కంప్యూటర్‌తో మేఘాలు పెట్టాలా వద్దా అన్నదే వాదన. నిమిషంలో అయ్యే పని తేలడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పాలంటే, దృశ్యాల ఫొటోలను దిద్దడమనే పనికి ఉన్న చరిత్రను ముందు కొంత చెప్పుకోవాలి.

మేఘాలు దొరకని కాలం

కెమెరాతో తీసి నేటికీ మిగిలిన ఫొటోల్లో అత్యంత పాతది ఒక దృశ్యమే. ఫ్రాన్సులో నీసెఫోర్ నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి మేడ కిటికీ నుంచి కనిపించే కప్పులను, గోడలను ఒక లోహపు పలక మీద నిలిపాడు. గంటల తరబడి వెలుగు పడితే గాని ఆ బొమ్మ ఏర్పడలేదు.

తర్వాతి కాలంలో వచ్చిన గాజు పలకలు వేగంగా పనిచేసేవి గాని, వాటికి ఒక లోపం ఉండేది. నీలి, ఊదా కాంతికి అవి త్వరగా స్పందించేవి. ఆకుపచ్చకు, ఎరుపుకు స్పందన చాలా తక్కువ. నేల, చెట్లు సరిగ్గా పడేదాకా ఆగితే ఆకాశం వెలిగిపోయి తెల్లటి ఖాళీగా మిగిలేది. ఆకాశం కోసం తొందరగా మూస్తే నేల చీకటయ్యేది. 19వ శతాబ్దపు దృశ్య చిత్రాలు చాలావాటిలో మేఘం ముక్క కూడా కనిపించకపోవడానికి కారణం ఇదే. ఆ రోజుల్లో మబ్బులు లేక కాదు.

ఈ చిక్కుకు ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే ఒక ఉపాయం కనిపెట్టాడు. 1856-57 ప్రాంతంలో తీసిన సముద్ర దృశ్యాల్లో కొన్నింటికి నీటికి ఒక నెగెటివ్, ఆకాశానికి మరొక నెగెటివ్ వాడి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. ఒకసారి దొరికిన మంచి మేఘాలను ఒకటికి మించిన చిత్రాల్లో వాడుకున్నాడు కూడా. ఇప్పుడు మన ఫోన్లలో ఒక మీట నొక్కితే ఆకాశం మారిపోతుందని ఆశ్చర్యపోతున్నాం గాని, ఆ ఆలోచనకు 160 ఏళ్లు దాటాయి.

మన దక్షిణాదికీ అది ఆలస్యంగా ఏమీ రాలేదు. 1856లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా నియమితుడైన లిన్నేయస్ ట్రైప్ మదురై, తంజావూరు గుడులను తీశాడు. మైనం పట్టించిన కాగితపు నెగెటివ్‌ల మీద కుంచెతో రంగు అద్ది మేఘాలు గీసేవాడు. రంగు ఉన్నచోట వెలుగు ఆగి, ముద్రించిన బొమ్మలో తెల్లటి మబ్బు తేలేది. గుడి నిజం, గోపురం నిజం, మబ్బు మాత్రం ట్రైప్ గారిది.

ఇదే కాలంలో ఫొటోగ్రాఫర్ల సంఘాలు కూడా మొదలయ్యాయి. లండన్‌లో 1853లో, బొంబాయిలో 1854లో, కలకత్తా, మద్రాసుల్లో 1856లో ఏర్పడ్డాయి. సభ్యులు కలుసుకొని, తాము ముద్రించినవి చూపుకొని, రసాయనాల పాళ్ల నుంచి చిత్రం కూర్పు దాకా మాట్లాడుకునేవారు. అంటే ఫొటోను దిద్దడం, దిద్దినదాన్ని నలుగురి ముందు పెట్టి మాట పడటం, రెండూ దాదాపు ఒకేసారి మన దేశానికి వచ్చాయి. ఇది నాకు ముఖ్యమైన సంగతిగా తోస్తుంది. ఆ రెండింటినీ విడదీస్తే ఏమవుతుందో నేను అనుభవించాను, ఆ కథకు తర్వాత వస్తాను.

మన ప్రాంతం అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ మొదట ఇంజనీరింగ్ మనిషి. రూర్కీలో చదివి, ఇండోర్‌లో ప్రజా పనుల శాఖలో పనిచేస్తూ ఫొటోగ్రఫీలోకి వచ్చాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, కోటలు, రాజభవనాలు, కరువు సహాయ పనులు, చెరువు కట్టలు తీశాడు. 1905లో చనిపోయాడు. హైదరాబాదు రాజ్యం ఎలా ఉండేదో ఈనాడు మనం ఊహించుకునే తీరులో ఆయన కెమెరా వాటా పెద్దది. ఒక ఇంజనీరు కెమెరా పట్టడం విడ్డూరమని నన్ను ఎగతాళి చేసే మిత్రులకు నేను ఆయన పేరే చెబుతుంటాను.

బాయిలోకి కెమెరా పోదు

1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1920 డిసెంబరులో ఆ సంస్థకు సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. మన రామగుండం వైపు గనులు 1960 ప్రాంతంలో గాని మొదలు కాలేదు. పల్లెలు, జొన్న చేలు, మోదుగు చెట్లు ఉన్నచోట ఇంక్లైన్లు, క్వార్టర్లు, వాటి వెంట మన బడి వచ్చాయి.

బొగ్గు గని చరిత్రకు ఫొటోల విషయంలో ఒక ప్రత్యేకమైన కొరత ఉంది. భూగర్భ గనిలో మీథేన్ వాయువు ఉంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే దిగే ముందు బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని ఒళ్లంతా తడిమి చూస్తారు. మామూలు కెమెరా, ఫ్లాష్ లోపలికి తీసుకుపోయే మాటే లేదు. దానివల్ల మన నాన్నలు ముప్ఫై ఏళ్లు, నలభై ఏళ్లు పనిచేసిన చోటుకు, వాళ్లు తట్ట చెమ్మస్ పట్టుకొని టబ్బులు నింపిన ఆ చీకటికి, ఇంటి ఆల్బముల్లో ఒక్క ఫొటో కూడా లేదు. ఉన్నవన్నీ పైన తీసినవే. ఇంక్లైన్ మూతి, లాంప్‌రూమ్, హాలర్, మస్టర్ రాసే గది, షిఫ్టు దిగి వస్తున్న మనుషులు.

కాబట్టి మన దగ్గర నేల మీద కనిపించే దృశ్యమే నేల కింది పనికి మిగిలిన సాక్ష్యం. కొండ ప్రాంతంలో తీసిన ఫొటోలో ఒక రేకుల షెడ్డు తీసేస్తే కొండకు పోయేదేమీ లేదు. మన దగ్గర అలా కాదు.

ఎర్ర బల్బు గదిలో

నేను బడిలో ఉన్న రోజుల్లో ఊళ్లో స్టూడియోలంటే వెనకాల తాజ్‌మహల్ పరదా, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ, లోపల ఒక చీకటి గది. మా వాడకట్టు స్టూడియో ఆయన నన్ను ఆ గదిలోకి రానిచ్చేవాడు. ఎర్ర బల్బు వెలుగులో, తెల్లకాగితం మీద మనిషి ముఖం మెల్లగా తేలడం మొదటిసారి చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాగితాన్ని ముందు డెవలపర్‌లో, చివరికి హైపోలో ముంచి, కడిగి, క్లిప్పులతో తీగకు తగిలించేవాడు.

దిద్దుబాటు అప్పుడూ ఉంది. నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది మచ్చలు పోగొట్టేవాడు. దాన్ని టచింగ్ అనేవారు. నెగెటివ్ గుండా కాగితం మీద వెలుగు వేసేటప్పుడు తీగ చివర అట్టముక్క అతికించి ముఖం మీద ఆడించేవాడు. అక్కడ వెలుగు తక్కువ పడి ముఖం తేటగా వచ్చేది. అట్టకు రంధ్రం చేసి ఆకాశం మీద ఎక్కువసేపు వెలుగు పోస్తే ఆకాశం ముదిరేది. ఈ రెండు పనులూ ఇప్పుడు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో డాడ్జ్, బర్న్ అనే పేర్లతోనే ఉన్నాయి. గుర్తు కూడా అవే బొమ్మలు. తీగ చివర అట్ట ఒకటి, గుప్పిట చేసిన చెయ్యి ఒకటి.

ఈ పనిని శాస్త్రంగా మార్చినవాడు అమెరికా ఫొటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్. మొదట పియానో నేర్చుకున్నవాడు కాబట్టి నెగెటివ్‌ను రాసిపెట్టుకున్న స్వరంతోనూ, ముద్రణను కచేరీతోనూ పోల్చేవాడు. 1941లో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీసిన ఒకే నెగెటివ్‌ను దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ ముద్రించాడు. తొలి ప్రతుల్లో ఆకాశం బూడిదగా, పలుచని మబ్బులతో ఉంటుంది. తర్వాతి ప్రతుల్లో దాదాపు నల్లగా ఉంటుంది. ఆయనా ఒంటరిగా ఎదగలేదు. 1932లో ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ వంటివారితో కలిసి గ్రూప్ ఎఫ్64 అనే బృందం కట్టాడు. ఒకరి చిత్రాలు ఒకరు చూసి మాట్లాడుకున్నవాళ్లే అందరూ.

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా కోరుట్లలో పుట్టిన బండి రాజన్‌బాబు, వరంగల్ భరత్ భూషణ్ ఈ చీకటి గదుల కాలం నుంచే వచ్చినవారు. రాజన్‌బాబు 2011లో, భరత్ భూషణ్ 2022లో కన్నుమూశారు. తెలంగాణ మనుషులను, బతుకమ్మలను, పల్లె ఇళ్లను వాళ్లు తీసిన తీరు చూస్తూ మా తరం కెమెరా పట్టుకోవడం నేర్చుకుంది.

స్టూడియో ఆయనే నా మొదటి విమర్శకుడు. నేను గంగ ఒడ్డున తీసిన మొదటి రీలు కడిగి ఇస్తూ, "ఇందులో గంగ ఏడుందిరా, అంత ఒడ్డే ఉన్నది" అన్నాడు. పన్నెండు ఫొటోల్లో పదకొండింటికి ఆ మాట సరిపోయింది.

బొగ్గు బూడిదైపోయిన రోజులు

1990ల్లో రంగుల ల్యాబులు వచ్చాయి. రీలు ఇస్తే గంటల్లో ఫొటోలు చేతిలో పెట్టేవారు. చీకటి గది పోయింది, దానితోపాటు మన చెయ్యీ పోయింది. ముదురు, లేత అన్నీ యంత్రమే నిర్ణయించేది.

యంత్రానికి మన ఊరు అర్థం కాదు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఎదురుగా ఉన్నది ఏదైనా సగటున మధ్యరకం బూడిద రంగే అనుకొని లెక్క వేస్తుంది. చెట్టూ చేనూ ఉన్నచోట ఆ లెక్క సరిపోతుంది. బొగ్గు కుప్ప ముందు నిలబడితే, ఇంత నల్లగా ఉందేమిటని ఎక్కువ వెలుగు లోపలికి పంపుతుంది. నిగనిగలాడే బొగ్గు ఫొటోలో బూడిదలా వస్తుంది. అటు ఎన్‌టీపీసీ బూడిద చెరువు ఎండలో తెల్లగా మెరుస్తుంటే, దానికి వెలుగు తగ్గించి దాన్నీ బూడిద రంగు చేస్తుంది. బొగ్గూ దాని బూడిదా ఫొటోలో ఒకే రంగులో కనిపించిన రోజులవి. బొగ్గు తీసేటప్పుడు వెలుగు తగ్గించాలి, బూడిద తీసేటప్పుడు పెంచాలి అని తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. చెప్పేవాళ్లుంటే ఒక పూట పట్టేది.

ఆ సమయంలో ఊరు మాత్రం ఆగలేదు. 1983లో ఎన్‌టీపీసీ మొదటి యూనిట్ మొదలై, 2004 నాటికి 2,600 మెగావాట్లకు పెరిగింది. ఎరువుల కర్మాగారం 1999లో ఆగి, 2021లో కొత్త సంస్థగా మళ్లీ మొదలైంది. 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల పాత విద్యుత్ కేంద్రం 2024లో మూతపడింది. 2022 నాటికి ఎన్‌టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల సౌర పలకలు తేలాయి. ఇంక్లైన్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. మట్టి గుట్టలు లేచాయి. నేను చిన్నప్పుడు నిలబడి చూసిన చోట ఇప్పుడు నిలబడదామంటే కొన్నిచోట్ల నేలే లేదు.

చీకటి గది మళ్లీ ఇంటికొచ్చింది

థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ముల చేతిలో మొదలైన ఫొటోషాప్ 1990 ఫిబ్రవరిలో విడుదలైంది. 2007లో లైట్‌రూమ్ వచ్చింది. ల్యాబు యంత్రం లాక్కున్న చెయ్యిని ఇవి మనకు తిరిగి ఇచ్చాయి. ఇంజనీరుగా నాకు నచ్చినది వీటిలోని లెక్క. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. రా ఫైలులో 4,096 గాని, 16,384 గాని ఉంటాయి. చీకట్లో మునిగిన చోటును పైకి తెస్తే జేపెగ్‌లో మచ్చలు తేలుతాయి, రా ఫైలులో వివరం దొరుకుతుంది.

దిద్దడంలో చాలాభాగం కన్ను చూసినదాన్ని తిరిగి తేవడమే. పొద్దున గంగను చూస్తే మన కంటికి నీళ్ల మీది మెరుపూ, ఒడ్డు నీడలోని పడవా రెండూ కనిపిస్తాయి. కెమెరా ఏదో ఒకదాన్నే పట్టుకుంటుంది. నీడను కొంత లేపి, మెరుపును కొంత దించితే మనం చూసినదానికి దగ్గరగా వస్తుంది. కెమెరాను పైకెత్తి తీస్తే చిమ్నీలు వెనక్కి వాలినట్టు పడతాయి. నిజానికి అవి నిటారుగా ఉన్నాయి కాబట్టి వాటిని నిలబెట్టడం తప్పు కాదు.

అక్కడి నుంచి ఒక్క అడుగు వేస్తే ఇంకో రకం దిద్దుబాటు మొదలవుతుంది. అక్కడ ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని పెట్టడం. క్లోన్ స్టాంప్ పనిముట్టుతో పక్కనున్న గడ్డిని తెచ్చి షెడ్డు మీద పరిచేయవచ్చు. అడుగు చిన్నదే. దాటామని మనకే తెలియదు.

ఆదివారం టీ కొట్టు

ఎనిమిదేళ్ల కిందట మన బడివాళ్లమే ఏడుగురం కలిసి ఒక చిన్న బృందం పెట్టుకున్నాం. రిటైరైన మన సైన్సు సార్, బ్యాంకులో పనిచేసే అక్క, ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపే తమ్ముడు, పాత స్టూడియో ఆయన కొడుకు, ఇంకో ఇద్దరు, నేను. నెలకు రెండు ఆదివారాలు టీ కొట్టు వెనక గదిలో కూర్చుంటాం. ఒక్కొక్కరు మూడు ఫొటోలు తేవాలి. పడుతూ లేస్తూ నాలుగు పద్ధతులు ఏర్పరచుకున్నాం.

మొదటిది, ఫొటో తీసినవాడు ముందు మాట్లాడకూడదు. నేను అక్కడ ఎంత కష్టపడి ఎక్కానో చెబితే చూసేవాడికి జాలి వేస్తుంది, చూపు మసకబారుతుంది. రెండోది, చూసినవాళ్లు బాగుంది, బాగాలేదు అనకుండా ముందు తమ కన్ను ఎక్కడ పడిందో చెప్పాలి. నేను గంగ తీశాననుకుంటే నలుగురి కన్నూ మూలనున్న ఎర్ర బకెట్ మీద పడిందని తెలిస్తే ఇంకే పాఠం అక్కర్లేదు. మూడోది, ఫోన్‌లో చూపకూడదు, అచ్చు వేసి తేవాలి. తెర వెలుగు ఎక్కువ పెట్టుకొని దిద్దిన ఫొటో కాగితం మీదికి వచ్చేసరికి చీకటవుతుంది. నాలుగోది, దిద్దినదాని పక్కన దిద్దనిది కూడా పెట్టాలి. దీనికి ఒప్పుకోవడానికే అందరికీ కష్టమైంది. నాకు మరీ.

ఒక జనవరి పొద్దున జలాశయం ఒడ్డు నుంచి ఎన్‌టీపీసీ చిమ్నీలను తీశాను. పొగమంచు, దుమ్ము కలిసి దృశ్యమంతా పాలు పోసినట్టుంది. లైట్‌రూమ్‌లో 2015 నుంచి డీహేజ్ అనే మీట ఉంది. దృశ్యం మీద పరుచుకున్న తెల్లదనం ఎంతో అంచనా వేసి దాన్ని తగ్గిస్తుంది. దాన్ని చివరిదాకా లాగాను. ఆకాశం ముదురు నీలమైంది, చిమ్నీలు కత్తుల్లా తేలాయి. మురిసిపోయి తీసుకెళ్లాను.

డంపర్ తమ్ముడు చాలాసేపు చూశాడు. "అన్నా, గిది ఏ ఊరు? మన తాన చలికాలం పొద్దుగాల గింత సాఫ్ ఎన్నడన్న చూసినవా?" అన్నాడు.

సైన్సు సార్ ఇంకోలా చెప్పారు. దగ్గరివి ముదురుగా, దూరంవి లేతగా ఉండటం వల్లే దృశ్యంలో దూరం తెలుస్తుందనీ, నేను మంచు తీసేయడంతో మూడు కిలోమీటర్ల దూరం గోడకు అతికించినట్టు అయిందనీ అన్నారు. ఇంటికెళ్లి మీటను వెనక్కి తెచ్చాను. ఒడ్డు రాళ్లకు మాత్రం కొంచెం ఉంచి, దూరాన్ని దాని మంచుకు వదిలేశాను. నేను తీసినవాటిలో నలుగురూ అడిగి ఇంట్లో పెట్టుకున్న ఫొటో అదొక్కటే.

ఆ తమ్ముడికి ఫొటోషాప్ తెలియదు. ఆ దుమ్ములో రోజుకు ఎనిమిది గంటలు ఉంటాడు, అదెలా ఉంటుందో తెలుసు. పోటీల న్యాయనిర్ణేతలు కూర్పు గురించి, రంగుల గురించి చక్కగా చెప్పగలరు. ఇది మన ఊరేనా అని అడగగలిగేది ఊరివాడే.

బాపు చూపించినది

ఇప్పుడు నా తప్పు సంగతి. 2005లో మొదటి డిజిటల్ కెమెరా కొన్న కొత్తలో మా బాపును తీసుకొని ఆయన పనిచేసిన ఇంక్లైన్ వైపు వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరై ఏడేళ్లు. రోడ్డు పక్కనే నిలబెట్టి ఒక ఫొటో తీశాను. ఆయన కుడి చెయ్యి చాపి అటు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. నేను కెమెరా వెనక తెరలో వెలుగు సరిపోయిందా లేదా చూస్తున్నాను. ఏం చెప్పాడో వినలేదు.

ఇంటికొచ్చి ఆ ఫొటోను అందంగా చేశాను. కొత్తగా నేర్చుకున్న క్లోన్ స్టాంప్‌తో కరెంటు తీగలు తీసేశాను. తుప్పు రేకుల షెడ్డు ఒకటి దృశ్యాన్ని పాడు చేస్తోందనిపించి, దాని మీద గడ్డీ ఆకాశం పరిచాను. రెండు రాత్రులు పట్టింది. పని బాగా కుదిరిందని సంతోషపడి అదే పేరు మీద సేవ్ చేశాను. కార్డులో చోటు లేక అసలుది చెరిపేశాను. అప్పుడు చూపించడానికి నాకు బృందం లేదు. ఎవరైనా పక్కన కూర్చొని ఒక్క ప్రశ్న అడిగినా ఆగి ఉండేవాణ్ని.

బాపు 2014లో పోయాడు. ఆ ఇంక్లైన్ మూతపడింది. ఆ చోటు ఇప్పుడు అలా లేదు.

ఈ ప్రదర్శన కోసం ఆ ఫొటోను అచ్చు వేసి టీ కొట్టుకు తీసుకెళ్లాను. ఎప్పటిలాగే మాట్లాడకుండా కూర్చున్నాను. డంపర్ తమ్ముడే అడిగాడు.

"ఫొటో మంచిగుందన్నా. కని బాపు దేన్ని చూపిస్తుండు?"

అందరూ నా వైపు చూశారు. ఫొటోలో బాపు నవ్వుతూ, చెయ్యి చాపి, పచ్చగడ్డిని చూపిస్తున్నాడు. ఆ గడ్డి నేను పరిచింది.

నాలుగో పద్ధతి ప్రకారం దిద్దనిది పక్కన పెట్టాలి. పెట్టడానికి నా దగ్గర లేదు.

రెండు వారాల తర్వాత నా తరగతి మిత్రుడొకడు పాత పెట్టెలో వెతికి ఒక నెగెటివ్ తెచ్చాడు. 1986లో వాళ్ల నాన్న రిటైరైన రోజు, వాడు పదో తరగతిలో ఉండగా, ఆగ్ఫా క్లిక్-3 కెమెరాతో తీసింది. దండలు వేసుకున్న ముగ్గురు మనుషులు, వెనక వేపచెట్టు, టబ్బుల వరుస, పక్కన రేకుల షెడ్డు. షెడ్డుకు కమ్మీల కిటికీ. బడిలో ఉన్నప్పుడు ఆ ఫొటోను చూసి వాణ్ని అందరం ఎగతాళి చేశాం. వంకర, వేలు, తెల్ల ఆకాశం. రూపాయి దండగ అన్నాం.

స్కాన్ చేసి అచ్చు వేసి మా అమ్మకు చూపించాను. కళ్లద్దాలు తుడుచుకొని చూసి, వేలితో కిటికీ మీద తట్టింది. "గిదే పగార్ కిటికీ. మీ బాపు మొదటి పగార్ తీసుకున్నది గీడనే. పోయినప్పుడల్లా చూపెట్టెటోడు" అంది.

2005లో ఆయన చెప్పిన మాట, నేను వినని మాట, బహుశా అదే.

మేఘాలు పెట్టలేదు

వ్యాసం మొదట్లో చెప్పిన వాదన ఈ నెగెటివ్ మీదే. బృందంలో ఇద్దరు, ప్రదర్శనలో గోడ మీద పెట్టేది కాబట్టి ఆకాశం మార్చుదాం అన్నారు. ఫొటోషాప్‌లో 2020 నుంచి దానికి మీటే ఉంది. ట్రైప్ కుంచెతో పెట్టలేదా, లె గ్రే రెండు నెగెటివ్‌లు కలపలేదా అని చరిత్ర కూడా చెప్పారు. ఆ చరిత్ర వాళ్లకు చెప్పింది నేనే. బ్యాంకు అక్క ఒప్పుకోలేదు. ఒక్క మేఘం అబద్ధమని తెలిస్తే, చూసేవాళ్లు షెడ్డు కూడా అబద్ధమేమో అనుకుంటారని ఆమె వాదన. లె గ్రే చిత్రం సముద్రపు అందం కోసం, ఇది కిటికీ సాక్ష్యం కోసం అని సార్ తేల్చారు.

చివరికి చేసింది ఇది. గీతలు, దుమ్ము చుక్కలు తుడిచాం, అవి నెగెటివ్ మీదివి, చోటువి కావు. షెడ్డు నీడలో వెలుగు కొంచెం లేపితే కిటికీ కమ్మీలు, లోపల బల్ల అంచు కనిపించాయి. వంకర సరిచేద్దామంటే టబ్బుల వరుస చివర కత్తిరించాల్సి వస్తుంది, అందుకని వదిలేశాం. వేలు ఉంచాం. ఆకాశం తెల్లగానే ఉంది.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో ఉన్న పాత ఫొటోలు, నెగెటివ్‌లు పారేయకండి. వంకరగా ఉన్నా, మసకగా ఉన్నా సరే. వెనకాల ఏడాది, చోటు పెన్సిల్‌తో రాయండి. కంప్యూటర్‌లో దిద్దేటట్టయితే ముందు అసలుదాన్ని వేరే పేరుతో దాచండి. దిద్దాక మీకంటే ఆ చోటు బాగా తెలిసినవాళ్లకు చూపించండి. వాళ్లు అడిగే ప్రశ్నకు కోపగించుకోకండి.

ప్రదర్శనలో ఆ రెండు ఫొటోలను పక్కపక్కన పెడుతున్నాం. ఎడమ వైపు, పచ్చగడ్డిని చూపిస్తున్న మా బాపు. కుడి వైపు, మిత్రుడు తీసిన షెడ్డు. ఆయన చాపిన చెయ్యి సరిగ్గా కిటికీ వైపు ఉండేలా ఎత్తు చూసి మేకులు కొట్టమని డంపర్ తమ్ముడే చెప్పాడు. కొలతలు నేను తీశాను.